ఇత్తడి నురుగు గొట్టం

ఉప్పునీటి చేపల తొట్టి పెట్టించుకునేవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "స్కిమ్మరు పెట్టాలా, వద్దా?" ఈ పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు నా దగ్గరకొచ్చి అడిగేదీ అదే. ముప్ఫయ్యేళ్ళకు పైగా జంషెడ్‌పూరులో క్లబ్బుల్లో, డాక్టర్ల గదుల్లో, హోటళ్ళలో చేపల తొట్లు చూసుకుని, మోకాళ్ళు మొరాయించాక మానేశాను. వీడ్కోలు సభ జరగలేదు. చేపలకు ఆ అలవాటు లేదు.

స్కిమ్మరు అంటే తెలియనివాళ్ళ కోసం చెబుతాను. నిలువుగా నిలబెట్టిన గొట్టం అది. అడుగు నుంచి సన్నటి గాలి బుడగలు వదులుతారు. చేపల పెంట, అవి తినకుండా వదిలేసిన మేత నీళ్ళలో కరిగిపోయి కంటికి కనబడవు. కానీ బుడగలకు అంటుకుని, నురుగై పైకెక్కి, పైనున్న గిన్నెలో పడతాయి. గిన్నెలో చిక్కటి టీ డికాక్షన్ లాంటిది తయారవుతుంది. రంగే టీది, వాసన వేరు.

పెట్టాలా వద్దా అన్నదానికి ఒక్క ముక్కలో జవాబు చెప్పేవాణ్ణి నమ్మకండి. నా మొదటి తొట్టి దగ్గర నేను ఒక్క ముక్కలోనే చెప్పాను. అదీ నలుగురినీ నవ్విస్తూ. ఈ రాతంతా ఆ ముక్క గురించే.

తొట్టి, దాని మనుషులు

డెబ్బైలు వెళ్ళిపోయి ఎనభైలు అప్పుడే మొదలైన రోజులు. నాకు ఇరవై రెండేళ్ళు. కాసిడీహ్‌లో అమ్మానాన్నలతో ఉండేవాణ్ణి. ఇంటర్ సైన్సు చదివి, ఆపైన చదవకుండా, సాక్చి బజారులో నిలబడి వచ్చేపోయే వాళ్ళ మీద జోకులు వేయడం వృత్తిగా పెట్టుకున్నాను. అందులో జీతం లేదని ఇంట్లోవాళ్ళు ఒక చిన్న కార్ఖానాలో టెంపరరీగా పెట్టించారు. నట్లు, బోల్టులు చేసే కార్ఖానా. ఇప్పుడది లేదు, దాని పేరు తెలుసుకుని మీకు ఒరిగేదీ లేదు.

ఆ కార్ఖానా మేనేజరు క్లబ్బు హాల్లో ఎనిమిదడుగుల అద్దాల తొట్టి కట్టించాడు. సముద్రానికి రాత్రంతా రైలు ప్రయాణమంత దూరంలో, పొగ గొట్టాల మధ్య, సముద్రపు చేపలు ఈదాలన్నది ఆయన సరదా. ఆ సరదాను మోసే బాధ్యత వెల్ఫేర్ ఆఫీసరు దేవసహాయం గారి మీద పడింది. ఆయన గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవుడు, అంతకుముందు బడిలో లెక్కలు చెప్పినవాడు. మంచి మనిషి. కిందివాళ్ళకు 'కాదు' అని చెప్పేటప్పుడు బాధపడేవాడు. పైవాళ్ళకు 'కాదు' అని చెప్పాల్సిన అవసరమే రానిచ్చేవాడు కాదు. ఇలాంటి అధికారి మీకూ దొరుకుతాడు. ప్రేమించండి, ఆధారపడకండి.

తొట్టికి ఇద్దరు మనుషుల్ని ఇచ్చారు. సైన్సు చదివానని నన్ను. సముద్రం తెలుసని పోలయ్య మావను.

పోలయ్య మావది శ్రీకాకుళం జిల్లాలో బారువ. వలల మనిషి. యాభై దాటాక పడవ వదిలేసి, కూలి పనికి ఇంత దూరం వచ్చి, బిర్సానగర్‌లో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. మా అమ్మానాన్నలదీ ఆ జిల్లానే అయినా, నాకు చుట్టం కాదు. మా వైపువాళ్ళం అందరం ఒకరికొకరం మావలమో అల్లుళ్ళమో అయిపోతాం, అంతే. ఆయన భార్య నూకాలత్తకు ఆయాసం. గదిలోంచి కుళాయి దాకా వెళ్ళి బిందె దింపి, మళ్ళీ బిందె ఎత్తడానికి ముందు కాసేపు కూర్చునేది. ఆ కాసేపు నెలనెలా పెరుగుతూ వచ్చింది.

దేవసహాయం గారు మా ఇద్దరికీ మొదటిరోజే మాట ఇచ్చారు. "కలకత్తా నుంచి యజమానులు వచ్చి తొట్టి చూసేనాటికి చేపలు బతికి ఉంటే, మీ ఇద్దరి పేర్లూ పర్మినెంటు లిస్టులో రాయిస్తాను."

పర్మినెంటు అంటే ఈ ఊళ్ళో ఏమిటో తెలియనివాళ్ళు ఉండరు. మెడికల్ కార్డు. కార్డుంటే భార్యకు పెద్దాసుపత్రి, మందులు, ఊపిరి అందనప్పుడు ఆక్సిజను. నాకైతే కార్డు అక్కర్లేదు. నాకు జలుబు కూడా సరిగ్గా చేసేది కాదు. ఆ మాట విని బయటికొచ్చాక పోలయ్య మావ మెట్ల మీద కూర్చుని, "సిమ్మాద్రీ, ఈ సేపలు బతికితే మీ అత్త బతుకుతాదిరా," అన్నాడు.

"అత్తకి మొప్పలు పెట్టించెయ్యి మావా, తొట్లో వదిలేద్దాం," అన్నాను.

ఆయన నవ్వాడు. నేను ఎప్పుడూ అంతే. ఎవరైనా గంభీరంగా మాట్లాడితే గుచ్చి గాలి తీసేస్తే తప్ప నాకు తోచేది కాదు.

డబ్బాల నీళ్ళు

తొట్టికి నీళ్ళు బారువ నుంచి వచ్చేవి. నెలకు పది డబ్బాలు. పోలయ్య మావ ఊరికి వెళ్ళి, నది కలిసే మొగకు దూరంగా, పోటు ఎక్కుతున్నప్పుడు నడుం లోతులో నిలబడి నింపేవాడు. సెలవు ముగించుకుని తిరిగొచ్చే మనవాళ్ళు, సోంపేట స్టేషన్లో తలా రెండో మూడో డబ్బాలు రైలెక్కించుకునేవారు. బెల్లం, ఎండుచేపలు, సముద్రం: ఇవీ మావాళ్ళ సామాన్లు. ఖరగ్‌పూరులో బండి మారేటప్పుడు డబ్బా మరిచిపోయినవాడు ఒక్కడూ లేడు. పిల్లల్ని మరిచిపోయినవాళ్ళున్నారు, వెనక్కి వెళ్ళి తెచ్చుకున్నారు.

ప్రతి డబ్బా మూతి మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, దాని మీద నూలు తాడుతో వల ముడి వేసేవాడు మావ. చుక్క కారేది కాదు. ఆ ముడి విప్పడానికి ఓపిక లేక నేను బ్లేడుతో కోసేవాణ్ణి.

"కొయ్యకురా! ఇప్పు. తాడు మళ్ళీ అక్కరకొత్తాది."

"తాడు కొత్తది తెప్పిస్తా గానీ, ఇది విప్పేసరికి నా పర్మినెంటు వచ్చి రిటైరైపోతాను మావా."

ఆ నీళ్ళతో తొట్టి బ్రహ్మాండంగా నడిచింది. ఎనిమిది చేపలు, శంఖాల్లో కాపురముండే పీతలు నాలుగు. చేపల్లో నల్లమచ్చల బొద్దు చేప ఒకటుండేది. పొద్దున్నే రాతి గుహలోంచి సగం బయటికొచ్చి, మేత వేసినప్పుడు తప్ప కదలకుండా అందరినీ చూస్తుండేది. దానికి నేను బడాబాబు అని పేరు పెట్టాను. కార్ఖానా ఆఫీసులో హెడ్‌క్లర్కులూ అలాగే ఉంటారు.

స్కిమ్మరు ఎవరికి కావాలి

కలకత్తా యజమానులు వచ్చే కార్ఖానా ఉత్సవానికి రెండు నెలలుందనగా మేనేజరు మిషన్లు కొనడానికి జర్మనీ వెళ్ళొచ్చాడు. అక్కడ ఒక హోటల్లో ఉప్పునీటి తొట్టి, దానికి నురుగు కక్కే గొట్టం చూశాడట. ఫొటో తీసుకొచ్చాడు. "మన తొట్టికీ ఇది ఉండాలి" అన్నాడు. దేవసహాయం గారు ఆ ఫొటో పట్టుకుని మా దగ్గరికొచ్చారు.

"ఏమయ్యా పోలయ్యా, ఇది మనకు అవసరమా?"

ఈ పనిలో నేను విన్న ప్రశ్నలన్నిటిలోకీ సరైన ప్రశ్న అదే. సరైన మనిషిని అడిగారు కూడా. అడగడంతోనే ఆయన బాధ్యత తీరిపోయిందనుకున్నారు, అక్కడే వచ్చింది చిక్కు.

మావ ఫొటోను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయనకు చదువు రాదు. నురుగు వచ్చు.

"ఇదేటి బాబూ, ఒడ్డే కదా. గాలేసినప్పుడు సంద్రం తన పెంటంతా నురుగు జేసి ఒడ్డు మీద కక్కేత్తాది. ఆ నురుగు వాసన సూడండి, కుళ్ళు కంపు. ఈ గొట్టం కూడా అదే జేత్తాది. మంచి పనే."

"అయితే పెట్టిద్దామా?"

"మనకెందుకండి బాబూ? ఎనిమిది సేపలు. నెలకి పది డబ్బాలు కొత్త నీళ్ళు. ఇరవై సేపలెడితే కావాల. నీళ్ళు మార్చనేకపోతే కావాల. మేత గుప్పిళ్ళతో ఏసేత్తే కావాల. మనకి ఇయ్యేటీ నేవు."

జర్మన్ పుస్తకాలు, అమెరికన్ పుస్తకాలు తర్వాత చాలా తిరగేశాను. బొమ్మలు ఎక్కువ, అట్టలు గట్టివి, అంతకు మించి చెప్పిన పుస్తకం కనబడలేదు. ఎన్ని చేపలు, ఎంత మేత, ఎన్నాళ్ళకోసారి నీళ్ళు మారుస్తారు: ఈ మూడూ అడక్కుండా స్కిమ్మరు సంగతి మాట్లాడకండి. ఆపైన తొట్టిని చూడండి. మావ ఒక తెల్ల పింగాణీ పళ్ళేన్ని తొట్టి ఒక చివర నిలబెట్టి, రెండో చివర నుంచి అద్దంలోంచి చూసేవాడు. పళ్ళెం పసుపుపచ్చగా కనబడితే నీళ్ళు పాడవుతున్నట్టు. పొద్దున్నే నీటి పైన నూనె తేరినట్టు పొర ఉందా, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయా, వేలు ముంచి వాసన చూస్తే సముద్రంలా ఉందా, సంతలా ఉందా. ఆ రోజు మా పళ్ళెం తెల్లగానే ఉంది. దేవసహాయం గారు కూడా వంగి చూశారు.

"తెల్లగానే ఉంది," అని ఒప్పుకున్నారు. నిటారుగా లేచి కళ్ళజోడు తుడుచుకుని, "కానీ మేనేజరు గారు అడుగుతున్నారు," అన్నారు.

అదీ సంగతి. స్కిమ్మరు తొట్టికి అక్కర్లేదు. మేనేజరుకు కావాలి. ముప్ఫయ్యేళ్ళలో నేను బిగించిన స్కిమ్మర్లలో సగం అలాంటివే. బిగించాను, తప్పులేదు. సరైన వస్తువుతో చేసిన స్కిమ్మరు అక్కర్లేని తొట్టిలో ఉన్నా చేపల్ని చంపదు, ఊరికే గురగురలాడుతుంది. మాది సరైన వస్తువుతో చెయ్యలేదు.

కర్తార్ మిస్త్రీ పనితనం

ఈ ఊరి జబ్బు ఒకటుంది. ఫొటో చూపిస్తే చాలు, ఏదైనా తయారుచేసి పారేస్తారు. కొనుక్కోవడం ఇక్కడ అవమానం. వర్క్‌షాపులో కర్తార్ మిస్త్రీ అని సర్దార్జీ ఉండేవాడు. లేత్ మిషను మీద ఆయన చెయ్యి పడితే లోహం వెన్నలా తిరిగేది. ఫొటో చూశాడు, గడ్డం నిమురుకున్నాడు, వారం రోజుల్లో మూడడుగుల గొట్టం చేసి తెచ్చాడు. ఇత్తడి గొట్టం. ఇత్తడి మూతి, ఇత్తడి వాల్వు, నురుగు పడే గిన్నె కూడా ఇత్తడే. క్లబ్బు కిటికీలోంచి ఎండ పడి అది ధగధగలాడింది. పూజలో పెట్టాల్సిన వస్తువులా ఉంది.

"సౌ సాల్ చలేగా, బచ్చే," అన్నాడు మిస్త్రీ నాతో. నూరేళ్ళు నడుస్తుందని.

దేవసహాయం గారు, మిస్త్రీ, ఇద్దరు ఫిట్టర్లు, నేను చుట్టూ నిలబడి చూస్తున్నాం. మావ ఒక్కడే దగ్గరికొచ్చి గొట్టం మీద చెయ్యి వేశాడు. వెంటనే తీసేశాడు.

"బాబూ, ఇత్తడి వద్దండి. ఉప్పునీళ్ళల్లో ఇత్తడి చిలుం ఎక్కుతాది. పడవ అడుక్కి ఇత్తడి రేకు కొడతారు చూడండి, దానికి నాచు కూడా పట్టదు, గుల్ల కూడా అంటుకోదు. ఎందుకంటుకోదు? సచ్చిపోతాది గాబట్టి. గాజు గొట్టం పెట్టండి. నేదంటే వెదురుబొంగు పెట్టండి."

మిస్త్రీకి తెలుగు రాకపోయినా 'వెదురుబొంగు' అన్నప్పుడు మావ చేతులతో చూపించింది అర్థమైంది. ముఖం ఎర్రబడింది. దేవసహాయం గారు ఇద్దరి మధ్యా నలిగిపోతున్నారు. ఏదో ఒకటి తేల్చాలి. ఆ గదిలో సైన్సు చదివినవాణ్ణి నేనే. నా వైపు చూశారు.

"నువ్వేమంటావు సింహాద్రీ?"

నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పొచ్చు. కానీ అందరూ గంభీరంగా ఉన్నారు, అది నేను తట్టుకోలేను.

"ఏటి మావా, గుళ్ళో పంతులుగారు రాగి చెంబుతో తీర్థం పోత్తన్నాడు, ఊరంతా తాగుతున్నారు. ఎవడైనా సచ్చాడా? చేపలకి పుణ్యం వత్తాదిలే, పెట్టించెయ్!"

అందరూ పగలబడి నవ్వారు. ఒక ఫిట్టరు మిస్త్రీకి హిందీలో చెబితే ఆయన నా వీపు మీద ఒక్కటి చరిచాడు. దేవసహాయం గారూ నవ్వారు. ఆయనకు అంతకంటే హాయి ఆ నెలలో దొరికి ఉండదు. నవ్వు అయిపోయేసరికి నిర్ణయం కూడా అయిపోయింది. మావ కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

తప్పు చెప్పడం నేరం కాదు, రోజూ చెబుతాం. తెలిసినవాడి మాటను వాదించి ఓడించినా పరవాలేదు, వాడు తిరిగి వాదిస్తాడు. నవ్వించి ఓడిస్తే తిరిగి మాట్లాడడానికి వాడికి చోటుండదు.

చింతపండు

గొట్టం పనిచేసింది. ఇది ఒప్పుకోవాలి. మొదటిరోజే గిన్నెలో గోధుమరంగు రసం దిగింది. మేనేజరు వచ్చి మూత తీసి వాసన చూసి ముక్కు మూసుకుని, ఎంతో సంతోషపడ్డాడు. ఇంత మురికి ఇన్నాళ్ళూ లోపలే ఉందా అని మావ వైపు చూశాడు.

వారానికి గొట్టం మీద పచ్చటి మరకలు తేలాయి. మావ చెప్పిన చిలుం. ఇంట్లో ఇత్తడి బిందెకు చిలుం పడితే మా అమ్మ ఏం చేస్తుంది? చింతపండు పెట్టి తోముతుంది. నేనూ అదే చేశాను. పైన బిగింపులు విప్పి, చింతపండు, పీచు పెట్టి, లోపలా బయటా తోమాను. మళ్ళీ బంగారంలా అయింది. మేనేజరు మెచ్చుకున్నాడు. అందుకని వారానికి రెండుసార్లు తోమడం మొదలుపెట్టాను. తోమిన ప్రతిసారీ కొత్త ఇత్తడిని ఉప్పునీళ్ళకు అప్పగిస్తున్నానన్న ఆలోచన నాకు రాలేదు. తోమిన గుడ్డ నీలం కలిసిన పచ్చగా అయ్యేది. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో ఇత్తడిలో ఉండే రాగితోనే అయ్యే మైలుతుత్తం చేత్తో పట్టుకున్నవాణ్ణి నేను. ఆ రంగు నాకు తెలుసు. తెలిసినదాన్ని తెలుసుకోకుండా ఉండడం కూడా ఒక విద్యే, దానికి డిగ్రీ అక్కర్లేదు.

మొదట పీతలు పోయాయి. నాలుగూ ఒకే వారంలో శంఖాల్లోంచి సగం జారి, కాళ్ళు వేలాడేసి. "కాపురాలు ఖాళీ చేశారు, అద్దె ఎక్కువైంది కాబోలు," అన్నాను. మావ నవ్వలేదు. చచ్చిన పీతను అరచేతిలో పెట్టుకుని గొట్టం వైపు చూశాడు.

"ఇప్పించెయ్‌రా దీన్ని. దేవసాయం బాబుకి సెప్పు. నా మాటినడు, నీ మాటింటాడు."

"ఉత్సవం అయిపోనీ మావా. ఇప్పుడు విప్పితే మేనేజరు మనల్నే విప్పేస్తాడు."

ఇది రాసి పెట్టుకోండి. శంఖాల పీతలు, రొయ్యలు, పువ్వుల్లాంటి జీవాలు ముందు చచ్చి, చేపలు తర్వాత మేత మానేసి, రొప్పుతూ ఉంటే, నీళ్ళలో లోహం ఉందని అనుమానించండి. నీళ్ళు ఊరికే కుళ్ళితే ఆ వరసలో చావవు. ఇది నాకు నేర్పడానికి నాలుగు పీతలు, ఏడు చేపలు పట్టాయి. ఏడు చేపలూ పది రోజుల్లో పోయాయి. చివరి మూడూ ఉత్సవానికి ముందురోజు ఒకే ఉదయాన పక్కకు ఒరిగి తేలాయి. బడాబాబు ఒక్కడు గుహలో రొప్పుతూ మిగిలాడు. హెడ్‌క్లర్కులు అంత తేలిగ్గా పోరు.

యజమానులు వచ్చారు, బడాబాబు గుహలోనే ఉండిపోతే ఖాళీగా కనబడ్డ తొట్టి చూసి, "బాగుంది, చేపలు ఎప్పుడు వేస్తారు?" అని అడిగారట. జోకు నాది కాదు, వాళ్ళదే.

విచారణ

మర్నాడు క్లబ్బు హాల్లోనే కుర్చీలు వేశారు. మేనేజరు, దేవసహాయం గారు, ఇంకో ఇద్దరు ఆఫీసర్లు. 'రేపు అందరూ చూస్తారు, శుభ్రంగా ఉంచు' అని ముందురోజు చెప్పారు కాబట్టి, నేను పొద్దున్నే వచ్చి గొట్టాన్ని చింతపండుతో తోమిపెట్టాను. చిలుం ఆనవాలు లేదు. గుడ్డ జేబులో ఉంది.

లెక్కల మాస్టారి లెక్క చాలా తేలిక. ఆలోచన మేనేజరుది, అది తప్పు కాకూడదు. పనితనం వర్క్‌షాపుది, ఈ ఊళ్ళో అది తప్పు కాదు. మిగిలింది నీళ్ళు. నీళ్ళు ఎవరివి?

"ఎక్కడ నింపుతావు?" మేనేజరు అడిగాడు.

"బారువలో బాబూ. మొగకి దూరంగా, పోటు మీద."

"ఏ మురికి కలిసిందో ఎవరికి తెలుసు?"

"సంవచ్చరం బట్టి అదే నీళ్ళండి. ఈ గొట్టం ఎట్టినకాడ్నుంచే..." అని ఆగి, మావ నా వైపు చూశాడు.

దేవసహాయం గారూ నా వైపు చూశారు. ఆయనకు అనుమానం లేకపోలేదు. ఆ మాట తన నోటి నుంచి కాకుండా వేరెవరి నోటి నుంచైనా రావాలని ఆయన కోరిక. "సింహాద్రీ, గొట్టాన్ని కడిగింది నువ్వు. ఏమన్నా తేడా కనబడిందా?"

జేబులో గుడ్డ ఉంది. బయటికి తీస్తే చాలు. తీస్తే, చిలుం చూసి కూడా తోమి దాచానని తేలుతుంది, తీర్థం జోకు ఎవరికో ఒకరికి గుర్తొస్తుంది, లిస్టులో నా పేరు పోతుంది. ఇదంతా ఆలోచించడానికి పట్టిన సమయం మీరు ఈ వాక్యం చదవడానికి పట్టినంత కూడా లేదు.

"మెరుస్తానే ఉంది కదండీ సార్," అన్నాను.

అబద్ధం కాదు. అందుకే ఇన్నేళ్ళయినా అరగలేదు. ఒక ఆఫీసరు చిన్నగా నవ్వాడు కూడా.

పోలయ్య మావ గేటు పాసు ఆ మధ్యాహ్నమే తీసుకున్నారు. ఆయన ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. ఏదన్నా డ్రామా జరిగితే గాలి తీద్దామని నేను సిద్ధంగా ఉన్నాను, అలవాటు కదా. ఆయన ఖాళీ డబ్బాలు లెక్కపెట్టి గోడకు వరసగా పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని, "బడాబాబుకి మేత తగ్గించు. బెంగెట్టుకున్నాడు," అన్నాడు. తలుపు దగ్గర ఆగి, "నీళ్ళు నాను పంపుతాను," అన్నాడు.

అంతే. నెల తిరక్కుండా బిర్సానగర్ గది ఖాళీ చేసి, నూకాలత్తను తీసుకుని బారువ వెళ్ళిపోయాడు.

నేను చేసిన మొదటి పని, గొట్టం విప్పెయ్యడం. "వాల్వు పట్టేసింది సార్, బాగుచేయించాలి," అని దేవసహాయం గారికి చెప్పాను. ఆయన "సరే, తొందరేం లేదు," అన్నారు. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. ఎవరికి ఏం తెలుసో ఇద్దరికీ తెలుసు. తప్పు నీళ్ళదని తేల్చారు కాబట్టి, రెండు నెలలకు నా పేరు లిస్టులోకి ఎక్కింది. మెడికల్ కార్డు ఇచ్చారు. దాన్ని చాలా ఏళ్ళు వాడాల్సిన అవసరం రాలేదు.

నీళ్ళు వచ్చాయి

నేను ఎవరికీ కబురు చెయ్యలేదు. ఏ మొహం పెట్టుకుని చేస్తాను? అయినా నెల తిరిగేసరికి సెలవు నుంచి వచ్చిన మనవాళ్ళు డబ్బాలు మోసుకుంటూ క్లబ్బు గుమ్మంలోకి వచ్చారు. పది డబ్బాలు. ప్లాస్టిక్ కాగితం, నూలు తాడు, వల ముడి. "పోలయ్య మావ సోంపేట స్టేషనుకొచ్చి ఎక్కించాడు," అన్నారు. కబురేమన్నా చెప్పాడా అని అడిగాను. ఏమీ చెప్పలేదట. బ్లేడుతో కోసి నీళ్ళు పోశాను. పళ్ళెం తెల్లగా కనబడింది. బడాబాబు రొప్పడం తగ్గించాడు. రెండో నెలా అంతే. మూడో నెలా అంతే.

ఈ మూడు నెలల్లో నేను బారువ వెళ్ళలేదు. సెలవు దొరకడం లేదని చెప్పుకునేవాణ్ణి. పర్మినెంటు వాళ్ళకు సెలవులుంటాయని తర్వాత గుర్తొచ్చేది.

నాలుగో నెల డబ్బాలు వేళకు రాలేదు. వారం, పది రోజులు, రెండు వారాలు దాటింది. పళ్ళెం కొంచెం పసుపు తిరిగింది. అలిగాడేమో అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అలిగితే బాగుండునని అనుకున్నాను. నేను చేసినదానికి ఆయన అలక, లెక్క సరిపోయేది.

ఆ తర్వాత అప్పలరాజు అని మా వీధివాడు, ఇంకో ముగ్గురితో కలిసి డబ్బాలు తెచ్చి దింపాడు. చెమట తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఏటిరా ఇంతాలీసం?"

"నూకాలత్త పోయింది అన్నా. ఆయాసం ఎక్కువైపోనాది. బరంపురం ఆసుపత్రికి తీసుకెల్తంటే బండిలోనే..." వాడు ఆగి, గుర్తు తెచ్చుకుంటున్నట్టు పైకి చూశాడు. "మావ సెప్పమన్నాడు. దినాలయ్యేదాకా నీళ్ళల్లో దిగకూడదన్నారట, అందుకే ఆలీసమైపోనాదట. ఏటీ అనుకోవద్దన్నాడు. బడాబాబు బాగున్నాడా అని అడగమన్నాడు."

"బాగున్నాడని చెప్పు," అన్నాను. ఇంకేమన్నా చెప్పొచ్చు. నోట్లో ఒక్క జోకు కూడా లేదు. అది తప్ప మాట్లాడడం నేను నేర్చుకోలేదని ఆ రోజు తెలిసింది.

వాళ్ళు వెళ్ళాక డబ్బాలు ముందు పెట్టుకుని నేల మీద కూర్చున్నాను. బ్లేడు జేబులోనే ఉంచాను. మొదటి ముడి విప్పడానికి చాలాసేపు పట్టింది. తాడు నీళ్ళకు ఉబ్బి బిగుసుకుపోయింది, గోరు చీలింది. కానీ ఒక చోట, లోపలి మడత కింద, వేలితో నెడితే మొత్తం వదులవుతుంది. ఆయన అంతకాలం చెబుతున్నది అదే. రెండో ముడి కొంచెం తొందరగా వచ్చింది. పదో ముడి విప్పేసరికి సాయంత్రం షిఫ్టు సైరన్ మోగింది. పది తాళ్ళూ ఆరబెట్టి, చుట్టలు చుట్టి, ఖాళీ డబ్బాలతో పాటు బారువ పంపించాను.

ఐదో నెల డబ్బాలకు అవే తాళ్ళున్నాయి.

గొట్టాన్ని కర్తార్ మిస్త్రీకి తిరిగి ఇవ్వలేదు. ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉంది, అటక మీద. తోమలేదు. ఇప్పుడది నిండా పచ్చగా ఉంటుంది. మిస్త్రీ అన్నట్టు నూరేళ్ళు నిలుస్తుంది. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినవాడు స్కిమ్మరు పెట్టాలా వద్దా అని అడిగితే, దాన్ని దించి చేతికిచ్చేవాణ్ణి. అరచేతులు పచ్చబడ్డాక, చేపలెన్ని, మేతెంత, నీళ్ళెక్కడివి అని అడిగేవాణ్ణి.

బడాబాబు ఆ తర్వాత ఆరేళ్ళు బతికాడు. ఆ తొట్టికి స్కిమ్మరు అక్కర్లేదు.